పిల్లకి లక్ష చొప్పున కొన్న బాలి బొమ్మ: కమాసన్ మెన్ బ్రాయుత్ పెయింటింగ్ రివ్యూ

బాలి వెళ్లొచ్చినోళ్ల ఇంటికెళ్తే ఒక చెక్క వినాయకుడు, ఫ్రిజ్ మీద రెండు మాగ్నెట్లు, ఎవరూ తాగని కాఫీ పొడి ప్యాకెట్ గ్యారంటీగా ఉంటాయి, మా ఇంట్లో కూడా ఉన్నాయి, వాటి గురించి రాయడానికేం లేదు. ఈ రివ్యూ మేం తెచ్చుకున్న గుడ్డ బొమ్మ గురించి. నాలుగు నెలలైంది వచ్చి, ఇన్నాళ్లు ఎందుకు రాయలేదంటే మధ్యలో చిన్న గొడవ జరిగింది, అది తేలాక రాద్దామని ఆగా.

ముందు ఎంత ఏంటి అనేది చెప్పేస్తా. నూలు గుడ్డ మీద చేత్తో వేసిన కమాసన్ పెయింటింగ్ (కమాసన్ అంటే బాలిలో బొమ్మలేసేవాళ్ల ఊరు), దాదాపు 45 సెంటీమీటర్లు బై 60, కథ మెన్ బ్రాయుత్ అని అక్కడి జానపద కథ, 18 మంది పిల్లల తల్లి. 25 లక్షల దగ్గర మొదలై 18 లక్షల దగ్గర ఆగింది, కంగారు పడకండి, రుపియా, మన లెక్కలో పదివేలకి కాస్త తక్కువ. ఆ దేశంలో దిగగానే వీసాకే 5 లక్షలు కట్టించుకుంటారు కాబట్టి రెండో రోజుకల్లా లక్ష అంటే లెక్కలేకుండా పోతుంది. 18 మంది పిల్లలు, 18 లక్షలు, పిల్లకి లక్ష పడిందిలే అని మా ఆయన అక్కడే జోకేశాడు, ఆ జోకు తర్వాత మా మీదకే వచ్చింది.

నిజానికి నేను వెతికింది రామాయణం బొమ్మ. తెలుగోళ్లం కదా, ఎక్కడికెళ్లినా మన రాముడే కావాలి. ఉబుద్‌లో ఒక షాపులో (పేరొద్దు) గోధుమ రంగుకి తిరిగిన గుడ్డ చూపించి వందేళ్ల నాటిది మేడమ్, రాజుగారింట్లోది అన్నాడు, మా అత్తయ్య దగ్గరకెళ్లి ముక్కు పెట్టి, "కాఫీ వాసనొస్తోందే" అంది. నిజంగానే వచ్చింది. పాతగా కనపడాలని కాఫీ డికాషన్‌లో ముంచారో ఏమో మరి. పక్కనున్నదాని మీద గీతలైతే తాకితే కూడా తెలియనంత చదునుగా ఉన్నాయి, వెనక్కి తిప్పి చూస్తే ప్రింటు. చేత్తో వేసింది అని రాసి అమ్ముతున్నారు. దండం పెట్టి బయటకొచ్చేశాం.

మర్నాడు క్లుంగ్‌కుంగ్ వెళ్లాం. ఉబుద్ నుంచి ఓ గంట దారి. బీచ్‌లు వాటర్‌ఫాల్స్ అని పరిగెత్తే ప్యాకేజీ టూర్లలో ఈ ఊరు ఉండదు, మన ట్రావెల్స్ వాళ్లని అడిగితే అక్కడేముంది మేడమ్ అంటారు. అక్కడ కెర్తా గోసా అని పాత న్యాయస్థానం మండపం ఉంది, రాజుల కాలంలో అక్కడ కూర్చునే తీర్పులు చెప్పేవారు. 1908 ఏప్రిల్ 28న డచ్ సైన్యం మీదకొస్తే రాజు, కుటుంబం, పరివారం లొంగకుండా ఎదురెళ్లి ప్రాణాలిచ్చారు, కోట మొత్తం పోయింది, ఈ మండపం, పక్కన నీళ్ల మధ్యలో ఉన్న ఇంకో మండపం, ఒక పాత గుమ్మం మాత్రం మిగిలాయి. పైకి చూస్తే కప్పు లోపలంతా వరసలు వరసలుగా బొమ్మలే. భీముడు తన తండ్రి పాండురాజుని, మాద్రిని నరకం నుంచి తీసుకురావడానికి వెళ్లిన కథ, దారి పొడవునా శిక్షలు. మన చిన్నప్పుడు పటాల షాపుల్లో యమలోకం శిక్షల పటం వేలాడేది గుర్తుందా, నూనెలో వేయించడం, రంపంతో కోయడం, అచ్చం అదే. ముద్దాయి కింద కూర్చుని తల పైకెత్తితే తన భవిష్యత్తు కనపడేదన్నమాట. అన్నింటికంటే కింది వరసలో తంత్రి కథలు, అంటే మన పంచతంత్రం అక్కడికెళ్లి వేసుకున్న వేషం, అక్కడ విష్ణుశర్మకి బదులు ఒక మంత్రిగారి కూతురు రాజుకి రోజుకో కథ చెప్తుంది. ఇప్పుడు మనం చూసేవి తర్వాత్తర్వాత మళ్లీ వేయించినవే, 1960లో కూడా ఒకసారి తిరగరాయించారు.

మెడ పట్టేసింది. కిందకి దిగి నీళ్ల మండపంలో కూర్చుంటే అక్కడి కప్పు మీద ఒక ఆవిడ, ఆవిడ ఒంటి నిండా పిల్లలు. డ్రైవర్ని (అక్కడ అన్నయ్యని బ్లి అంటారు, మా చిన్నది నాలుగు రోజులూ బ్లి బ్లి అని తిరిగింది) ఈవిడెవరని అడిగితే నవ్వి మెన్ బ్రాయుత్ అన్నాడు. ఆ బొమ్మలేసేవాళ్ల ఊరు పక్కనే, రెండు కిలోమీటర్లు, వెళ్దామా అన్నాడు. అదే కమాసన్.

ఊరంటే ఊరే, షోరూమ్‌లు ఏం లేవు. బంజార్ సంగ్గింగ్ అని ఒక వాడ ఉంది, సంగ్గింగ్ అంటే బొమ్మలేసేవాడు, మన దగ్గర కంసాలి వీధి, సాలెవీధి ఉన్నట్టు. రాజుల కాలంలో కోటకీ గుళ్లకీ బొమ్మలు ఇక్కడి నుంచే వెళ్లేవి. 2018లో పోయిన న్యోమన్ మంద్ర అనే పెద్దాయన ఇక్కడివాడే, ఊళ్లో పిల్లలకి ఇంట్లోనే బొమ్మలు నేర్పేవాడు. ఇదివరకు మగాళ్లు గీతలు గీస్తే ఆడవాళ్లు రంగులు నింపడం అలవాటు, ఇప్పుడు మంగ్కు మురియాతి లాంటి ఆడవాళ్లు మొత్తం బొమ్మ తామే వేసి పేరు తెచ్చుకున్నారు. మేం వెళ్లిన ఇంట్లో కూడా వేసేది ఒకావిడే, యాభై దాటి ఉంటాయి, ముంగిట్లో చాప మీద కూర్చుని పని చేసుకుంటోంది, కొనమని ఒక్క మాట కూడా అనలేదు, మమ్మల్ని చూసి మళ్లీ పనిలో పడిపోయింది. నాకు అక్కడే సగం నమ్మకం కుదిరింది.

గుడ్డ తయారీ చూపించమని అడిగాం. తెల్ల నూలు గుడ్డని బియ్యప్పిండి గంజిలో ముంచి ఎండలో ఆరబెడతారు, బిరుసుగా అప్పడంలా అయ్యాక పెద్ద గవ్వతో రుద్దుతారు. ఆ గవ్వని ఒక వెదురు బద్దకి కట్టి బద్ద రెండో కొసని పైన కప్పుకి బిగించారు, అది స్ప్రింగులా నొక్కి పెడుతుంది, ఈవిడ చేత్తో అటూ ఇటూ లాగుతుంటే గర్ గర్ మని శబ్దం, రుద్దిన చోటల్లా గుడ్డ కాయితంలా నున్నగా మెరుస్తుంది. మా చిన్నది పది నిమిషాలు లాగింది, ఆవిడ ఏమీ అనలేదు, చెయ్యి నొప్పొచ్చి తనే మానేసింది. తర్వాత పెన్సిల్‌తో గీసుకుని, రంగులు నింపి, అన్నీ అయ్యాక చివర్లో వెదురు పుల్లతో నల్ల గీతలు. మా అత్తయ్యది శ్రీకాళహస్తి దగ్గర ఊరు, కలంకారీ చూస్తూ పెరిగింది, అందుకని పుల్ల చూడగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. కానీ తేడా ఉంది. కాళహస్తిలో గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన దాంట్లో తడిపి, అద్దకం అయ్యాక పారే నీళ్లలో జాడిస్తారు, రంగు నూలులోకి ఇంకిపోతుంది. ఇది అలా కాదు, రంగు గంజి పైన కూర్చుని ఉంటుంది, ఒక్క గ్లాసు నీళ్లు ఒలికితే బొమ్మ గతి అంతే. కొనేవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

రంగుల సంగతి. పాత పద్ధతిలో ఎర్రమట్టి రంగు రాయిని నూరి తీస్తారు, నలుపు దీపం మసి నుంచి, తెలుపు కాల్చిన ఎముకల నుంచి, నీలం నీలిమందు. ఇప్పుడు డబ్బా రంగులు కూడా వాడతారు, ఆవిడ దాచలేదు, ఎరుపూ పసుపుమట్టి రంగూ రాయివి, నీలం మాత్రం డబ్బాది అని వేలు పెట్టి చూపించింది. ఆ ఒక్క మాటకే నేను బేరం గట్టిగా ఆడలేకపోయా. మొత్తం రాయి రంగులతో వేసినవి కూడా ఉన్నాయి, రేటు మూడింతలు.

నేను నాలుగు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూశాక నాకర్థమైంది ఒకటే, రంగు చూసి కొనకూడదు, నల్ల గీత చూసి కొనాలి. ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి. మంచి చెయ్యి అయితే జుట్టు ఒక్కో పాయ విడిగా ఉంటుంది, గీత మొదట్లో సన్నగా మొదలై మధ్యలో కాస్త ఒళ్లు చేసి మళ్లీ సన్నగా అయిపోతుంది, వణుకు ఉండదు. నేర్చుకునేవాళ్లు వేసినవి, గబగబా అమ్మకానికి వేసినవి అయితే గీత మొత్తం ఒకే మందం, వేళ్లు అరటిపళ్ల హస్తంలా అతుక్కుని ఉంటాయి. మా దాంట్లో మెన్ బ్రాయుత్ జుట్టు ముడి ఊడిపోయి భుజం మీద పడింది, ఆ విడిపోయిన వెంట్రుకలే ముప్పై దాకా ఉంటాయి, ఒకదాని మీద ఒకటి పడకుండా. పిల్లాడొకడు ఆ జుట్టు పట్టుకుని వేలాడుతున్నాడు, ఆ నొప్పికి ఆవిడ తల కొంచెం అటు వాలింది. ఇంత చిన్న బొమ్మలో!

ఇంకోటి, ఈ బొమ్మల్లో దూరం దగ్గర ఉండవు, ఖాళీ ఉండదు, ఎక్కడ కాస్త జాగా దొరికినా చిన్న చిన్న మబ్బు తునకల్లాంటి డిజైన్ నింపేస్తారు, సీన్‌కీ సీన్‌కీ మధ్య రాళ్ల వరస గోడలా వస్తుంది. మొహాలు తోలుబొమ్మల పద్ధతే కానీ పక్కకి కాకుండా ముప్పావు తిరిగి రెండు కళ్లూ కనిపిస్తాయి. రాజులూ దేవతలకి సన్నని కళ్లు, రాక్షసులకీ మొరటు మనుషులకీ గుండ్రటి గుడ్లు. కిరీటం లేని మామూలు కాపురాన్ని ఇంత శ్రద్ధగా వేయడం నాకు తెగ నచ్చింది, అందుకే రాముడిని వదిలేసి ఈవిడ్ని తెచ్చుకున్నా, రాముడు ఏమీ అనుకోడు, పూజగదిలో ఎలాగూ ఉన్నాడు.

కథ ఏంటంటే, ఒక పేద కాపురం, 18 మంది సంతానం. మన ఊళ్లలో సుబ్బిగాడి అమ్మ, సుబ్బిగాడి నాన్న అని పిలిచినట్టే వాళ్లూ మెన్ బ్రాయుత్, పాన్ బ్రాయుత్, మెన్ అంటే ఫలానా వాళ్లమ్మ, పాన్ అంటే నాన్న. ఆవిడకి పిల్లల్ని పాలిచ్చి పడుకోబెట్టడంతోనే సరి, మంచం దిగదు, పైగా తిండిపుష్టి. ఇంటిపని వంటపని మొత్తం మొగుడిదే. గాలుంగన్ పండగొచ్చింది (210 రోజులకోసారి వస్తుంది, వీధుల్లో పొడుగాటి వెదురు గెడలు వంచి అలంకరిస్తారు), ఆయన ఒక్కడే వండుతాడు, నైవేద్యాలు సర్దుతాడు, ఆవిడ లేచి తింటుంది, అక్కడ ఇద్దరికీ పడుతుంది. చివరికి పిల్లలందరూ పెద్దవాళ్లై ఇల్లు నిలబెడతారు, ఈ ఇద్దరూ సంసారం వదిలి ధ్యానంలోకి వెళ్లిపోతారు. బాలిలో ఎవరైనా గంపెడు పిల్లల్ని కంటే ఇప్పటికీ ఈవిడ పేరే తీస్తారట. గోవా గజా గుహ దగ్గర పిల్లల్ని వేసుకుని కూర్చున్న పాత రాతి బొమ్మ ఉంది, దాన్ని కూడా స్థానికులు మెన్ బ్రాయుత్ అనే పిలుస్తారు, అసలు అది బౌద్ధుల హారీతి, పిల్లల్ని కాపాడే దేవత. హారీతి మనకేం పరాయిది కాదు, మన నాగార్జునకొండలోనూ ఆవిడకి గుడి ఉండేది.

మా బొమ్మలో మూడు సీన్లు. పైన మంచం, దాని మీద ఆవిడ, ఆవిడ మీద పిల్లలు. కింద ఎడమవైపు పాన్ బ్రాయుత్ పొయ్యి ఊదుతుంటే వీపు మీద ఒకడు, కాలు పట్టుకుని ఒకడు, కోడి కూర దగ్గర చెయ్యి పెడుతూ ఒకడు. కింద కుడివైపు పిల్లల అల్లరి, కొట్టుకునేవాళ్లు కొట్టుకుంటున్నారు. మా అత్తయ్య దీన్ని చూసి చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత, "మా నాయనమ్మకి పదకొండు మంది, ఇట్టాగే ఒకడు వీపు మీద ఒకడు చంకలో, తాతకి మాత్రం పొయ్యి ఎటు దిక్కున ఉందో కూడా తెల్దు" అంది. అక్కడి నుంచి బేరం నా చేతిలో లేదు. అత్తయ్యకి ఇండోనేషియా భాష రాదు, ఆ బొమ్మలావిడకి తెలుగు రాదు, ఇద్దరూ చాప మీద కూర్చుని వేలు పెట్టి పిల్లల్ని లెక్కపెట్టారు, ఈవిడ ఒకటీ రెండూ అంటుంటే ఆవిడ సతు, దువా, తిగా అంటోంది, ఇద్దరూ కలిసి 18 దగ్గర ఆగి నవ్వుకున్నారు. ఆవిడ అత్తయ్యని ఇబు ఇబు అని పిలిచింది, అమ్మా అన్నట్టు. బాలిలో పిల్లల పేర్లు పుట్టిన వరసలో వయాన్, మాదే, న్యోమన్, కెతుత్, అయిదో వాడికి మళ్లీ వయాన్. ఆ లెక్కన ఈ ఇంట్లో అయిదుగురు వయాన్లు, అయిదుగురు మాదేలు, నలుగురు న్యోమన్లు, నలుగురు కెతుత్‌లు ఉండాలి, వయాన్ రారా అని పిలిస్తే అయిదుగురొస్తారు.

నచ్చనివి కూడా చెప్పాలి. కార్డు లేదు, యూపీఐ ఊసే లేదు, క్యాషే, ఏటీఎం కోసం మళ్లీ టౌన్‌కి వెళ్లొచ్చాం. బిల్లు తెల్లకాయితం మీద రాసిచ్చింది, కస్టమ్స్‌లో ఎవరైనా అడిగితే ఏం చూపిస్తామో ఆ దేవుడికెరుక, ఎవరూ అడగలేదులెండి. అంచులు కుట్టలేదు, పోగులు ఊడుతున్నాయి. గంజి వాసన మొదటి నెల పోలేదు. రంగులు మట్టి రంగులే కాబట్టి మిలమిలలు కావాలనుకునేవాళ్లకి ఇది డల్‌గా అనిపిస్తుంది, మా చెల్లెలైతే వీడియో కాల్‌లో చూసి, "పాతబడిపోయినట్టుందేంటే" అంది. మడత పెట్టకూడదు, పెడితే గంజి చిట్లి తెల్లగీత పడుతుంది, అట్ట గొట్టంలో చుట్టి ఇచ్చింది, ఆ గొట్టాన్ని విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చా. ఇంకా, బియ్యప్పిండి అంటే పురుగులకి విందు భోజనం, గోడకి చెమ్మ ఉంటే అస్సలు పెట్టొద్దు.

ఇక గొడవ. ఈ బొమ్మలు అసలు గోడకి ఫ్రేమ్ కట్టి పెట్టుకోడానికి పుట్టినవి కావు, పొడుగు పట్టీలుగా వేసి పండగప్పుడు గుడి చూరు చుట్టూ కట్టేవాళ్లు, తెరలుగా వేలాడదీసేవాళ్లు, పండగవగానే చుట్టి దాచేవాళ్లు. మనకి ఫ్రేమ్ లేకపోతే నిద్రపట్టదు కదా. ఇక్కడ హైదరాబాద్‌లో ఒక ఫ్రేమ్ షాపులో ఇచ్చాం, గమ్ము పెట్టొద్దు, కత్తిరించొద్దు, అద్దం బొమ్మకి తగలొద్దు అని మూడుసార్లు చెప్పా, నాకు తెలుసు మేడమ్ అన్నాడు. వారం తర్వాత తెచ్చి హాల్లో పెట్టాం, బ్రహ్మాండంగా ఉంది, 2,200 తీసుకున్నాడు. ఇంటికొచ్చినోళ్లకి అత్తయ్య కథ చెప్పి పిల్లల్ని లెక్కపెట్టమంటుంది, అదొక ఆటైపోయింది. అందరూ 17 అంటారు. సరిగ్గా చూడండి అంటుంది. మళ్లీ 17. మా ఆయన లెక్కపెట్టినా 17, నేను లెక్కపెట్టినా అంతే. లక్ష నష్టం, అంటే ఓ 540 రూపాయలు అని ఈయన, ఆవిడ మోసం చేసిందా అని నేను, కాదు నేను చూశా ఆవిడతో కలిసి లెక్కపెట్టా అని అత్తయ్య. రెండు వారాలు ఇంట్లో ఇదే.

చివరికి మా చిన్నది నా ఫోన్‌లో ఆ రోజు చాప మీద తీసిన ఫొటో వెతికి తెచ్చింది. అందులో కింద కుడి మూల, రాళ్ల వరస పక్కన, ఒకడు బోర్లా పడి కోడిపుంజు తోక పట్టుకుని ఉన్నాడు. గోడ మీద బొమ్మలో కోడి మెడ ఉంది, తోకా లేదు వాడూ లేడు. ఫ్రేమ్ అతను అందంగా ఉంటుందని చుట్టూ లోపల అట్ట అంచు పెట్టాడు, దాని కిందకి వెళ్లిపోయాడు వీడు. విప్పదీశాం. గమ్ము పెట్టలేదు, నిజమే, డబుల్ సైడ్ టేప్ పెట్టాడు, బొమ్మ ముందువైపు, అంచు పొడుగునా. అడిగితే అది గమ్ము కాదు కదా మేడమ్ అన్నాడు. టేపుని హెయిర్ డ్రయ్యర్‌తో దూరం నుంచి కొంచెం కొంచెం వేడి చేస్తూ మా ఆయన గంటన్నర కూర్చుని తీశాడు, అత్తయ్య పక్కన నిలబడి మెల్లిగా రా మెల్లిగా అంటూనే ఉంది, అయినా ఒకచోట రంగుతో సహా లేచొచ్చింది.

బొమ్మకి 5కి 5, ఫ్రేమింగ్‌కి సున్నా. ఇప్పుడు వేరే చోట అట్ట అంచు లేకుండా, గుడ్డ అంచులు నాలుగువైపులా కనపడేట్టు, పైన మాత్రం దారంతో పట్టించి, అద్దానికీ దానికీ మధ్య వేలెడు ఖాళీ ఉంచి కట్టించాం, ఎవరు లెక్కపెట్టినా 18 వస్తోంది. ఆ మూలనున్నవాడికి ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు, కోడి తోక మాత్రం గట్టిగానే పట్టుకున్నాడు.